బుట్టకు కాపలా ఎవరిది?

అమెరికా వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఈసారి ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి. వరుసగా ఓడిపోతున్న జట్టు తన డిఫెన్స్‌ను ఎలా బాగుచేసుకోవాలన్నదే ఆ విషయం. అందువల్ల ఈ సంచికలో మిగిలిన ఆటల జోలికి పోకుండా ఆ ప్రశ్నలకే జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: హ్యూస్టన్ దగ్గర షుగర్‌ల్యాండ్‌లో ఉంటాం. మా అబ్బాయితో కలిసి హ్యూస్టన్ జట్టు రాకెట్స్ ఆటలకు వెళ్తుంటాను. మూడేళ్ళపాటు ఎప్పుడు వెళ్ళినా ఓటమే చూశాం. ఆ తరువాత అదే జట్టు, చాలావరకు అదే కుర్రాళ్ళతో, ఎదుటివాళ్ళకు ఊపిరాడకుండా చేయడం మొదలుపెట్టింది. ఒక్క కోచ్ మారితే ఇంత మారుతుందా? అసలు ఓడే జట్టు డిఫెన్స్ ఎక్కడి నుంచి బాగుపడటం మొదలవుతుంది?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: మీరు చూసిన మార్పు నిజమైనదే. రాకెట్స్ 2020-21లో 72 ఆటలకు 17, మరుసటి ఏడు 82 ఆటలకు 20, 2022-23లో 22 మాత్రమే గెలిచింది. 2023 ఏప్రిల్‌లో ఇమే ఉడోకా కోచ్‌గా వచ్చాక తొలి సీజన్‌లోనే 41 గెలిచి 41 ఓడింది. 2024-25లో 52 విజయాలతో, లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన వెస్టర్న్ కాన్ఫరెన్స్‌లో రెండో స్థానానికి ఎక్కింది. ఉడోకా అంతకుముందు 2021-22లో బోస్టన్ సెల్టిక్స్‌ను డిఫెన్స్ బలంతోనే ఫైనల్స్‌కు తీసుకెళ్ళాడు. ఆ ఏడాది ఆ జట్టు గార్డు, అంటే బుట్టకు దూరంగా బంతిని నడిపే ఆటగాడు, మార్కస్ స్మార్ట్‌కు ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడి పురస్కారం దక్కింది. 1996లో గ్యారీ పేటన్ తరువాత ఒక గార్డుకు అది రావడం అదే మొదలు.

అయితే కోచ్ ఒక్కడే వచ్చాడనుకోవడం సరికాదు. ఆ వేసవిలోనే టొరంటో నుంచి ఫ్రెడ్ వాన్‌వ్లీట్, మెంఫిస్ నుంచి డిల్లన్ బ్రూక్స్ వచ్చారు. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో, నాలుగో ఎంపికగా ఏమెన్ థాంప్సన్ దొరికాడు, రెండేళ్ళు తిరగకుండానే అతను లీగ్‌లోని ఉత్తమ డిఫెండర్ల జాబితా అయిన ఆల్ డిఫెన్సివ్ తొలి జట్టులో చోటు సంపాదించాడు. వీళ్ళలో ఎవరి ప్రతిభనూ తక్కువ చేయలేం. అయినా మీ అసలు ప్రశ్న, అంటే ఎక్కడి నుంచి మొదలవుతుంది అన్నదానికి మా జవాబు వేరే. అది ఆటగాళ్ళ కాళ్ళలోనో చేతుల్లోనో మొదలు కాదు. ఎదుటివారికి ఏ షాట్ వదిలేయాలో ముందుగా తేల్చుకోవడంలో మొదలవుతుంది.

ఇది విన్నవారికి వింతగా తోచవచ్చు. కానీ ఎన్‌బీఏలో బంతి అందుకున్న జట్టు 24 సెకన్లలోగా షాట్ వేసి తీరాలి, అంత ఎత్తు, అంత నైపుణ్యం ఉన్నవాళ్ళు ఏదో ఒక షాట్ వేయకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. కనుక వాళ్ళు ఎలాగూ వేస్తారు, అది ఏ షాట్ కావాలన్నదే డిఫెన్స్ చేతిలో ఉన్న విషయం. లెక్క చూడండి. బుట్ట పక్కనే వేసిన షాట్లు సుమారు 65 శాతం పడతాయి, అంటే ప్రతి ప్రయత్నానికీ దాదాపు 1.3 పాయింట్లు. మూడు పాయింట్ల గీత బయటి నుంచి వేసినవి 36 శాతం దాకా పడతాయి, అంటే 1.08. ఈ రెంటికీ నడుమ, గీతకు లోపల పదిహేను పద్దెనిమిది అడుగుల నుంచి వేసినవి 42 శాతం పడ్డాయనుకున్నా వచ్చేది 0.84 మాత్రమే. ఇక ఫౌల్ చేసి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డురాకుండా వేసే ఒక్కో పాయింటు షాట్లు, ఇస్తే, 78 శాతం లెక్కన 1.56 పాయింట్లు చేతిలో పెట్టినట్టే. మూడు పాయింట్ల గీత మామూలుగా 23 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది కానీ రెండు మూలల్లో 22 అడుగులే ఉంటుంది, అందుకే మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్‌కు అంత గిరాకీ.

గెలిచే జట్టు ఈ పట్టికను గుండెల్లో పెట్టుకుని, ముందు బుట్టను, తరువాత మూలలను కాపాడి, నడుమ దూరం నుంచి, డిఫెండర్ చెయ్యి ఎదురుగా ఉండగా వేసే షాట్‌ను వదిలేస్తుంది. ఓడే జట్టు ప్రతి షాట్‌కూ ఎగబడుతుంది. ఇరవై అడుగుల దూరంలో గురి కుదరని ఆటగాడి మీదికి కూడా పరుగెత్తి ఎగురుతుంది, అతను బంతి వేసినట్టు నటించి పక్కకు తప్పుకుని లోపలికి వెళ్తాడు, లోపల సాయానికి మరొకడు కదలాలి, వాడు వదిలినవాడు మూలలో ఖాళీగా నిలబడతాడు. ఒక పనికిమాలిన షాట్‌ను ఆపబోయి రెండు మంచి షాట్లకు దారి ఇచ్చినట్టయింది. అన్నిటినీ ఆపుదామనుకున్నవాళ్ళు అసలైనదాన్ని ఆపలేకపోవడం అంటే ఇదే. పరాజయాల్లో కూరుకున్న జట్టును చూసినప్పుడు మాకు ఎక్కువసార్లు కనిపించేది బద్ధకం కాదు, ఇలాంటి దిశ లేని శ్రమే.

మనవాళ్ళకు తేలిగ్గా అర్థం కావాలంటే కబడ్డీని గుర్తు చేసుకోవాలి. కూతకు వచ్చినవాడు ఎడమ మూలకు కదిలితే, చేతులు పట్టుకున్న గొలుసు మొత్తం అటు వంగుతుంది, కుడి మూలవాడు కూడా కదులుతాడు. ఒక్కడు తొందరపడి చెయ్యి వదిలి ముందుకు దూకితే గొలుసు తెగుతుంది, వాడితో పాటు పక్కవాడూ అవుటవుతాడు. బాస్కెట్‌బాల్ డిఫెన్స్‌లో చేతులు పట్టుకోరు గానీ గొలుసు అదే. బంతి ఒక పాస్ దూరం కదిలితే ఐదుగురూ కదలాలి. ఆ కదలికల్లో ఎవరి చోటు ఎక్కడో ఆట మొదలయ్యాక ఆలోచించుకునే సమయం ఉండదు, అది ముందే ఒప్పందమై ఉండాలి. కోచ్ మారితే మారేది ముఖ్యంగా ఆ ఒప్పందమే.

ఇంకొక్క మాట కూడా చెప్పాలి. రాకెట్స్ డిఫెన్స్ బాగుపడటంలో సగం పుణ్యం వాళ్ళ దాడిదే అనిపిస్తుంది. 2022-23లో ఆ జట్టు బంతిని ఎక్కువగా పోగొట్టుకునే జట్లలో ఒకటి. నడి మైదానంలో బంతి పోతే ఎదుటివాడు నేరుగా బుట్ట మీదికే పరుగెత్తుతాడు, అక్కడ ఏ పథకమూ పనిచేయదు, ఎందుకంటే కాపలా కాయాల్సినవాళ్ళు ఇంకా అవతలి వైపే ఉంటారు. బంతిని జారవిడవకుండా నెమ్మదిగా నడిపే వాన్‌వ్లీట్ రావడంతో ఆ గండి చాలావరకు పూడింది. డిఫెన్స్ బాగుచేయాలనుకునే కోచ్ మొదటి వారం తన జట్టు వేసే షాట్లనూ, ఇచ్చే పాస్‌లనూ పరిశీలించాలనడం ఇందుకే.

ప్రశ్న: మా పిల్లలకు ఆట నేర్పుతుంటాను. ఆటకు 125 పాయింట్లు ఇచ్చే జట్టు కంటే 110 ఇచ్చే జట్టు డిఫెన్స్ మెరుగని చెప్పవచ్చు కదా? జట్టు నిజంగా మెరుగుపడుతోందని దేన్నిబట్టి తెలుస్తుంది?
— ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు, విజయవాడ

జవాబు: చెప్పలేం. వేగంగా ఆడే జట్టు తాను ఎక్కువసార్లు దాడి చేస్తుంది, ఎదుటివారికీ అన్నిసార్లు అవకాశం ఇస్తుంది. అందుకే లీగ్‌లో అందరూ చూసేది ప్రతి 100 పొసెషన్లకు, అంటే బంతి ఎదుటి జట్టు చేతికి వచ్చిన ప్రతి నూరు సార్లకు, ఎన్ని పాయింట్లు ఇచ్చారన్న లెక్కను. దీన్నే డిఫెన్సివ్ రేటింగ్ అంటారు.

వేగం ఎంత మోసం చేస్తుందో 1990-91 నాటి డెన్వర్ నగెట్స్ చూపించింది. కోచ్ పాల్ వెస్ట్‌హెడ్ ఎదుటివాళ్ళను పరుగులు పెట్టించి అలసట తెప్పించి గెలుద్దామనుకున్నాడు. జట్టు ఆటకు 119.9 పాయింట్లు చేసింది, 130.8 ఇచ్చుకుంది. 1990 నవంబరులో ఫీనిక్స్ సన్స్ ఒక్క ఆటలో సగం సమయానికే ఆ జట్టు మీద 107 పాయింట్లు కొట్టింది. ఆ ఏడు డెన్వర్ గెలిచినవి 20. వేగాన్ని పక్కనబెట్టి చూసినా అది చెడ్డ డిఫెన్సే గానీ, ఆటకు 130 అన్న అంకె భయపెట్టినంత చెడ్డది మాత్రం కాదు.

జట్టు ఎందుకు పాయింట్లు ఇస్తోందో తెలియాలంటే గణాంక నిపుణుడు డీన్ ఆలివర్ ప్రచారంలోకి తెచ్చిన నాలుగు అంశాలను విడివిడిగా చూడాలి. ఎదుటివారి షాట్లు ఎంత శాతం, ఎంత విలువతో పడుతున్నాయి, వాళ్ళు బంతిని ఎన్నిసార్లు పోగొట్టుకుంటున్నారు, తప్పిన షాట్ తరువాత వెనక్కి వచ్చే బంతి, అంటే రీబౌండ్, ఎవరికి దక్కుతోంది, ఎన్ని ఫ్రీ త్రోలు ఇస్తున్నాం అన్నవే అవి. మీ పిల్లల జట్టుకు కూడా ఒక కాగితం మీద ఈ నాలుగు వరుసలు గీసి గుర్తులు పెట్టుకుంటే చాలు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎదుటివారి మూడు పాయింట్ల షాట్లు ఎంత శాతం పడుతున్నాయన్నది కొద్ది ఆటల్లో చాలావరకు అదృష్టం మీద నడుస్తుంది. డిఫెన్స్ అదుపులో ఎక్కువగా ఉండేది అవి ఎన్ని వేయనిస్తున్నాం, ఎవరితో వేయిస్తున్నాం అన్నదే. రెండు వారాలు ఎదుటివాళ్ళు గురి తప్పినంత మాత్రాన మన డిఫెన్స్ బాగుపడిందని పండగ చేసుకోకూడదు, రెండు వారాలు వాళ్ళకు అన్నీ పడినంత మాత్రాన పథకాన్ని చెత్తబుట్టలో వేయకూడదు. ఓడే జట్ల యాజమాన్యాలు చేసే పొరపాట్లలో ఈ రెండోది ఖరీదైనది.

ప్రశ్న: ఏడడుగుల పైచిలుకు ఆటగాడిని ఒకడిని తెచ్చి బుట్ట దగ్గర నిలబెడితే సరిపోదా?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలా మేలు జరుగుతుంది, కానీ సరిపోదు. 2023-24లో సాన్ ఆంటోనియో స్పర్స్‌కు విక్టర్ వెంబన్యామా వచ్చాడు. తొలి ఏడాదిలోనే లీగ్‌లో అందరికంటే ఎక్కువగా, ఆటకు 3.6 షాట్లను చేత్తో అడ్డుకున్నాడు. ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడి ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. ఆ జట్టు మాత్రం అంతకుముందు ఏడాదిలాగే 22 గెలిచి 60 ఓడింది. అతను బెంచీ మీద కూర్చున్న నిమిషాల్లో ఆ బుట్ట తలుపు తీసిన ఇల్లులా ఉండేది.

ఆ ఏడాది పురస్కారం అందుకున్న రూడీ గోబేర్‌ది మరో కథ. అతని చుట్టూ మినసోటా టింబర్‌వుల్వ్స్ జట్టులో జేడెన్ మెక్‌డానియల్స్, ఆంథొనీ ఎడ్వర్డ్స్ వంటి బంతి మీద గట్టిగా నిలిచే డిఫెండర్లు ఉన్నారు. వాళ్ళు ఎదుటి గార్డును ఒక పక్కకు నెట్టుకుంటూ నేరుగా గోబేర్ చేతుల్లోకి పంపేవారు. ఆ జట్టు 56 ఆటలు గెలిచింది, లీగ్‌లో మొదటి డిఫెన్స్ దానిదే. పొడవైనవాడు చివరి గోడ మాత్రమే. ముందు వరుస వాళ్ళు ప్రతిసారీ ఓడిపోతే చివరి గోడ ఫౌళ్ళతో కూలుతుంది. ఆరు ఫౌళ్ళయితే ఆటగాడు బయటికి వెళ్ళాలి, ఒక క్వార్టర్‌లో జట్టు ఐదో ఫౌల్ నుంచి ఎదుటివారికి ఫ్రీ త్రోలు మొదలవుతాయి. అందువల్ల బుట్ట దగ్గర నేర్పవలసిన మొదటి పాఠం బ్లాక్ చేయడం కాదు, రెండు చేతులూ నిటారుగా పైకెత్తి, ఉన్నచోటే పైకి ఎగరడం. బంతి మీద చెయ్యి పడకపోయినా షాట్ కష్టమైతే చాలు.

ప్రశ్న: న్యూజెర్సీలో మేము వారాంతాల్లో ఆడుకుంటాం. మాకైనా, టీవీలో చూసే జట్లకైనా పిక్ అండ్ రోల్ వస్తే చాలు, డిఫెన్స్ చెల్లాచెదురవుతోంది. అందరూ మనుషులను మార్చుకుంటే పోలేదా? మంచి పద్ధతి ఏది?
— ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: తెలియనివారి కోసం ముందుగా రెండు మాటలు. బంతి ఉన్న గార్డును కాస్తున్న డిఫెండర్ దారిలో, దాడి చేసే జట్టులోని పొడవైన ఆటగాడు వచ్చి గోడలా నిలబడతాడు, దీన్నే పిక్ అనీ స్క్రీన్ అనీ అంటారు. డిఫెండర్ ఆ గోడకు తగులుకుని ఒక అడుగు వెనకబడేలోగా గార్డు ముందుకు దూసుకుపోతాడు. గోడగా నిలిచినవాడు తిరిగి బుట్ట వైపు పరుగెత్తుతాడు, అది రోల్. ఆ ఒక్క క్షణంలో ఇద్దరిని కాయడానికి ఒకటిన్నర మనిషే మిగులుతాడు. ఎన్‌బీఏ దాడుల్లో దీనికి మించి వాడేది లేదు కనుక, దీనికి జవాబు లేని జట్టుకు డిఫెన్స్ లేనట్టే.

మార్చుకోవడం, అంటే స్విచ్, చూడటానికి సులువు. గార్డును కాస్తున్నవాడు పొడవైనవాడిని, పొడవైనవాడిని కాస్తున్నవాడు గార్డును పట్టుకుంటారు, ఖాళీ ఏర్పడదు. కానీ ఐదుగురూ దాదాపు ఒకే ఎత్తు, ఒకే చురుకు ఉన్నప్పుడే అది అందం. లేకపోతే ఎదుటి కోచ్ మీ జట్టులో నెమ్మదైన వాడెవడో వెతికి, ప్రతిసారీ వాడు కాస్తున్న ఆటగాడినే స్క్రీన్‌కు పిలుస్తాడు. సీజన్ తరువాత కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో ఈ వేట నిర్దయగా సాగుతుంది. ఓడే జట్టులో అలాంటి ఆటగాడు కనీసం ఒకడు ఉండనే ఉంటాడు.

రెండో దారి డ్రాప్. పొడవైన డిఫెండర్ స్క్రీన్ దగ్గరికి రాకుండా బుట్ట వైపే వెనక్కి తగ్గి ఉంటాడు, గార్డును కాస్తున్న డిఫెండర్ స్క్రీన్ చుట్టూ తిరిగి వెనకనుంచి వెంటాడతాడు. బుట్ట భద్రం, మూలలు భద్రం, నడుమ దూరం షాట్ మాత్రం ఇచ్చేస్తాం. పైన చెప్పిన లెక్క ప్రకారం అది మనకు లాభసాటి బేరం. ఎదుట దూరపు షాట్లకు పేరుమోసిన స్టెఫ్ కర్రీ వంటివాడు ఉండి, స్క్రీన్ దాటిన వెంటనే మూడు పాయింట్ల షాట్ వేస్తే బేరం తిరగబడుతుంది. అలాంటివాడి మీదికి ఇద్దరూ కలిసి ఎగబడి బంతి వదిలించడం మూడో దారి, దాన్ని బ్లిట్జ్ అంటారు. అప్పుడు వెనక ముగ్గురు నలుగురిని కాయాలి కనుక, ఆ ముగ్గురూ గొలుసులో బాగా ఆరితేరినవాళ్ళయి ఉండాలి.

మాకు అన్నిటికంటే ఇష్టమైనది, మైదానం పక్క భాగంలో వచ్చే పిక్ అండ్ రోల్‌కు వాడే ఐస్ అనే పద్ధతి. దీన్ని పదును పెట్టినవారిలో కోచ్ టామ్ తిబొడో పేరు ముందు వస్తుంది. ఇందులో గార్డును కాస్తున్న డిఫెండర్ స్క్రీన్ రాకముందే దాని వైపు అడ్డంగా నిలబడి, బంతిని మధ్యకు వెళ్ళనివ్వకుండా పక్క గీత వైపే నెడతాడు. అక్కడ పొడవైనవాడు కాచుకుని ఉంటాడు. ఆ గీత ఎప్పుడూ అలవని, ఎప్పుడూ ఫౌల్ చేయని ఆరో డిఫెండర్. బంతి మధ్యలో ఉంటే ఎడమకూ కుడికీ పాస్ పోగలదు, పక్కకు నొక్కితే సగం మైదానమే మిగులుతుంది, అవతలి వైపు ఉన్న మన ఇద్దరు ధైర్యంగా బుట్ట వైపు జరగవచ్చు.

ఆ జరిగే ఇద్దరిలో బుట్టకు దగ్గరగా ఉండేవాడిని లో మ్యాన్ అంటారు. ఏ పద్ధతి ఎంచుకున్నా అసలు బరువు మోసేది అతనే. రోల్ అయిన పొడవైనవాడిని బంతి చేరేలోగా భుజంతో తాకి ఆపాలి, బంతి మూలకు పోతే మళ్ళీ అక్కడికి పరుగెత్తాలి. అక్కడికి కూడా గుడ్డిగా దూకకూడదు, చివరి రెండు అడుగులు చిన్నవిగా వేసి, చెయ్యి ఎత్తి, తన బరువు తన కాళ్ళ మీద ఉంచుకోవాలి. ఒక సెకను ఆలస్యమైతే దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. బంతి బుట్టలో పడ్డాక ఎగిరిన బ్లాక్ ప్రయత్నం ప్రేక్షకులకు కనువిందుగా ఉంటుంది గానీ, మరునాడు వీడియోలో కోచ్ దాన్నే ఆపి చూపిస్తాడు.

ఇంతకూ ఏది మంచిది? మీ పొడవైన ఆటగాడి పాదాలు ఎంత చురుకో చూసి ఒక్కదాన్ని ఎంచుకోండి, ఒక నెల పాటు దాన్ని వదలకండి. నాలుగు పద్ధతులు సగం సగం తెలిసిన జట్టు కంటే, ఒక్కటి ఐదుగురికీ నిద్రలో కూడా తెలిసిన జట్టు మేలు. మీ వారాంతపు ఆటకు కూడా ఇదే చెబుతాం. మీకు పొడవైన సెంటర్ లేకపోతే మాత్రం మీరన్నట్టు మార్చుకోవడమే నయం.

ప్రశ్న: మనిషికి మనిషి కాయలేనప్పుడు జోన్ వేయవచ్చు కదా? మా కాలేజీ జట్టు ఎప్పుడూ అదే చేసేది.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జోన్ అంటే ఒక్కొక్కరు ఒక్కో మనిషిని కాకుండా ఒక్కో చోటును కాయడం. వేయవచ్చు, 2001-02 సీజన్ నుంచి ఎన్‌బీఏ దాన్ని అనుమతించింది కూడా. కానీ మీ కాలేజీలో ఉన్నంత సుఖం అక్కడ లేదు. ఎదుటివాడిని చేతి దూరంలో కాయకుండా పెయింట్‌లో, అంటే బుట్ట ముందు గీతల మధ్య భాగంలో, మూడు సెకన్లకు మించి నిలబడితే టెక్నికల్ ఫౌల్, అంటే ఒక ఫ్రీ త్రో, ఆ పైన బంతి మళ్ళీ వాళ్ళకే. కనుక పొడవైనవాడిని బుట్ట కింద స్తంభంలా పాతేయడం కుదరదు. దానికి తోడు జోన్‌లో ఎవరి మనిషి ఎవరో తేలకపోవడం వల్ల షాట్ తప్పాక రీబౌండ్ చేజారుతుంది. 2024-25లో రాకెట్స్ ఆ లోపాన్ని చక్కగా కప్పుకుంది. స్టీవెన్ ఆడమ్స్, అల్పెరెన్ షెంగూన్ అనే ఇద్దరు భారీ ఆటగాళ్ళను ఒకేసారి దింపి జోన్ ఆడింది, ఇద్దరు ఉండటంతో రీబౌండ్లు జారలేదు. జోన్‌ను కూరలో పోపులా, ఎదుటివారి లయ చెడగొట్టడానికి ఐదారు నిమిషాలు వాడితే మంచిది. రోజూ అదే అయితే మూలల నుంచి మూడు పాయింట్ల షాట్లు కుప్పతెప్పలుగా వస్తాయి.

ప్రశ్న: పాయింట్లు చేసే పెద్ద ఆటగాళ్ళు డిఫెన్స్‌లో నడుస్తూ కనిపిస్తారు. కోట్లు సంపాదించే వాళ్ళను ఎవరు ఒప్పిస్తారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దీనికి 2007-08 బోస్టన్ సెల్టిక్స్ కంటే మంచి ఉదాహరణ మాకు తెలియదు. అంతకుముందు ఏడాది ఆ జట్టు 24 గెలిచి 58 ఓడింది, వరుసగా 18 ఆటలు ఓడిన సీజన్ అది. వేసవిలో సియాటిల్ నుంచి రే అలెన్, మినసోటా నుంచి కెవిన్ గార్నెట్ వచ్చారు. అప్పటికే అక్కడ పాల్ పియర్స్ ఉన్నాడు. ముగ్గురూ తమ తమ జట్లలో రాజుల్లా వెలిగినవాళ్ళు. పియర్స్, అలెన్‌లకు పేరు తెచ్చింది డిఫెన్స్ కాదు. కోచ్ డాక్ రివర్స్ డిఫెన్స్ బాధ్యతను, హ్యూస్టన్‌లో జెఫ్ వాన్ గండీ దగ్గర పనిచేసి వచ్చిన తిబొడోకు అప్పగించాడు. సన్నాహక శిబిరానికి జట్టును రోమ్‌కు తీసుకెళ్ళాడు. ఆ ఏడు సెల్టిక్స్ 66 గెలిచి 16 ఓడింది, ఒక్క ఏడాదిలో 42 విజయాలు పెరిగాయి. లీగ్ మొత్తంలో మొదటి డిఫెన్స్ ఆ జట్టుది, ఉత్తమ డిఫెన్సివ్ ఆటగాడు గార్నెట్. ఫైనల్స్ ఆరో ఆటలో లేకర్స్‌ను 131-92తో ఓడించి కప్పు తీసుకున్నారు.

అక్కడ ఒప్పించింది ఉపన్యాసం కాదని మా అభిప్రాయం. జట్టులో అందరికంటే పెద్ద పేరున్న గార్నెట్ ప్రతిసారీ వెనక్కి పరుగెత్తి, నోరు నొప్పి పుట్టేలా అరుస్తూ పక్కవాళ్ళకు చోట్లు చెబుతుంటే, పియర్స్ నడవలేడు. పియర్స్ పరుగెత్తుతుంటే రెండో ఏడాది కుర్రవాడు రాజాన్ రాండో నడవలేడు. పై నుంచి కిందికి పాకే సిగ్గు అది. పెద్ద ఆటగాడు ముందుకు రాని జట్టులో కోచ్ చేతిలో మిగిలే ఆయుధం ఒక్కటే, ఆట నిమిషాలు. పరుగెత్తనివాడిని బెంచీ మీద కూర్చోబెట్టాలంటే కోచ్ వెనక యాజమాన్యం గట్టిగా నిలబడాలి. ఓడే జట్లలో సరిగ్గా అదే కొరవడుతుంది. నాలుగు నెలల్లో కోచ్ పోతాడని ఆటగాళ్ళకు ముందే తెలిస్తే ఎవరు వింటారు?

పాయింట్ల ఆటగాడికి అన్ని రకాల డిఫెన్స్ రావాలని పట్టుబట్టడం కూడా తెలివి కాదు. ఎదుటి జట్టులో తక్కువ ప్రమాదకరమైన వాడిని అతనికి అప్పగించి, రెండే పనులు అడగాలి. తన షాట్ తప్పినప్పుడు రెఫరీతో వాదించకుండా వెనక్కి పరుగెత్తడం, సాయం చేయాల్సిన చోటికి సమయానికి చేరడం. ఈ రెంటికీ ప్రతిభ అక్కర్లేదు.

ప్రశ్న: ఇదంతా నేర్పడానికి ఎన్నాళ్ళు పడుతుంది? సీజన్ మధ్యలో సాధ్యమేనా?
— అదే పాఠకుడు

జవాబు: అక్టోబరు చివరి నుంచి ఏప్రిల్ మధ్య వరకు 82 ఆటలు, నడుమ విమాన ప్రయాణాలు, ఒక్కోసారి వరుసగా రెండు రాత్రులు ఆటలు. పూర్తి స్థాయి సాధనకు దొరికే రోజులు చాలా తక్కువ. కాబట్టి పునాది సీజన్‌కు ముందు శిబిరంలోనే పడాలి. అక్కడ అందరూ తప్పకుండా చేయించేది షెల్ డ్రిల్. సగం మైదానంలో నలుగురు దాడి, నలుగురు డిఫెన్స్. మొదట దాడివాళ్ళు షాట్ వేయరు, బంతిని చుట్టూ తిప్పుతారు, అంతే. పాస్ గాలిలో ఉండగానే డిఫెండర్లు నలుగురూ కొత్త చోట్లకు చేరాలి. చేరాక కాదు, గాలిలో ఉండగానే. పక్కవాడికి వినపడేలా నోటితో చెప్పాలి కూడా. చూసేవాళ్ళకు విసుగు పుట్టించే ఈ అభ్యాసాన్ని ఎన్ని వందల సార్లు చేయించారన్నది డిసెంబరులో కనిపిస్తుంది.

సీజన్ మధ్యలో అయితే అన్నిటినీ ముట్టుకోకుండా రెంటిని పట్టుకోవాలి. మొదటిది వెనక్కి పరుగు. మన షాట్ గాలిలోకి లేవగానే ఎవరు రీబౌండ్‌కు వెళ్ళాలో, ఎవరు వెనక్కి తిరగాలో పేరుపేరునా చెప్పాలి. రెండోది డిఫెన్సివ్ రీబౌండ్, షాట్ తప్పిన క్షణంలో బంతి వైపు కాకుండా తన మనిషి వైపు తిరిగి, నడుముతో అతన్ని వెనక్కి ఆపాలి. ఇరవై సెకన్లు చక్కగా కాసి చివర్లో రీబౌండ్ వదిలేస్తే ఎదుటివారికి మళ్ళీ 14 సెకన్లు, అదీ గొలుసు చెదిరి ఉన్న సమయంలో. ఈ రెండూ చక్కబడితే నాలుగైదు వారాల్లో అంకెలు కదులుతాయి. పిక్ అండ్ రోల్ పద్ధతిని పూర్తిగా మార్చాలంటే మాత్రం వేసవి దాకా ఆగడమే మంచిది.

ప్రశ్న: ఓడితేనే డ్రాఫ్ట్‌లో మంచి ఆటగాడు దొరుకుతాడంటారు. మరి అట్టడుగు జట్టు డిఫెన్స్ బాగుచేసుకోవడం నష్టం కాదా?
— ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: డెట్రాయిట్ పిస్టన్స్‌ను చూడండి. 2022-23లో 17 గెలిచి లీగ్‌లో అట్టడుగున ఉంది, 2023-24లో 14 గెలిచి మళ్ళీ అట్టడుగునే ఉంది. ఆ రెండో ఏడు వరుసగా 28 ఆటలు ఓడింది. డ్రాఫ్ట్‌లో ముందు వరుస లాటరీతో తేలుతుంది, 2019లో వచ్చిన నియమం ప్రకారం అప్పుడు కిందనున్న మూడు జట్లకూ మొదటి ఎంపిక అవకాశం సమానంగా 14 శాతమే ఉండేది. ఆ లాటరీలో రెండేళ్ళూ పిస్టన్స్‌కు దక్కింది ఐదో ఎంపిక. 2024 వేసవిలో జె.బి. బికర్‌స్టాఫ్ కోచ్‌గా వచ్చాక, రక్షణను గట్టిపరచుకుని 2024-25లో 44 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కు చేరింది. ఆ డిఫెన్స్‌లో ముఖ్యుడైన ఆసర్ థాంప్సన్ 2023లో ఐదో ఎంపికగా వచ్చినవాడే. పైన చెప్పిన హ్యూస్టన్ ఆటగాడు ఏమెన్‌కు కవల సోదరుడు.